చెరువుకు హద్దు రాళ్లు పాతారు, మరి నాలాకు?

అయ్యా,

హైదరాబాద్ ఉత్తర శివారులో ఉన్న మా చెరువు కోసం కాలనీవాళ్లమంతా కలిసి ఏడేళ్ల కిందట ఒక సంఘం పెట్టుకున్నాం. ఇప్పుడు దాని బాధ్యత నేను చూస్తున్నాను.

ప్రతి ఆదివారం పొద్దున్నే గుర్రపుడెక్క తీస్తాం. ఒక మొక్క పట్టి లాగితే ఒక్కటే రాదు, వేళ్లు అల్లుకుపోయి చాపలా కదులుతుంది. నలుగురు చెయ్యి వేస్తే గానీ గట్టుకు చేరదు. వేళ్ల నిండా నల్లటి బురద, అందులో చిక్కుకున్న షాంపూ ప్యాకెట్లు. మధ్యాహ్నానికి కాసిన్ని నీళ్లు కనబడితే పిల్లలు చప్పట్లు కొడతారు. మూడు నాలుగు వారాలు తిరిగేసరికి ఆ చోటు మళ్లీ మూసుకుపోతుంది. మురుగే దానికి ఎరువు.

కబ్జా అంటే చెరువులో మట్టి పోయడమేనని మొదట్లో మేమూ అనుకున్నాం. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) తేల్చమని ఆఫీసుల చుట్టూ తిరిగాం. చివరికి సర్వే చేసి రాళ్లు పాతారు. ఆ తర్వాత మంచి వానలే పడ్డాయి గానీ చెరువులోకి వాననీళ్లు రాలేదు. ఎందుకో చూద్దామని ఎగువ చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టి, మా చెరువుకు నీళ్లు తెచ్చే నాలా వెంట నడిచాం. ఒకప్పుడు నీరటి పని (చెరువు నీళ్లు వదిలే కావలి పని) చేసిన కుటుంబానికి చెందిన పెద్దాయన దారి చూపించారు. ఒకచోట ఆయన ఆగిపోయి, "ఎడ్లబండి పట్టేంత కాల్వ ఉంటుండె బిడ్డా ఈడ" అన్నారు. ఎదురుగా ప్రహరీ గోడ. దాని కింద జానెడు వెడల్పున్న సిమెంటు పైపు. అందులోంచి సబ్బు నురగ వస్తోంది.

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే అలుగు పారి కిందిదానికి నీళ్లు రావాలి. మధ్యలో నాలా పోతే కింది చెరువుకు మురుగు తప్ప ఏమీ మిగలదు. పెద్ద వాన పడితే ఆ నీళ్లే ఇళ్లలోకి వస్తాయి. 2020 అక్టోబరులో నగరం ఆ బాధ పడింది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, పది హెక్టార్ల కంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకూడని ఖాళీ జాగా) వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. ఈ సంగతి ఇప్పుడు చాలామందికి తెలుసు. పది మీటర్ల లోపు వెడల్పున్న నాలాకైనా 2 మీటర్లు వదలాలని అందులోనే ఉంది. దాని గురించి అడిగేవాళ్లు లేరు.

మొక్కలు నాటే రోజు పిలిస్తే అధికారులు వస్తున్నారు, అందుకు కృతజ్ఞతలు. నాలా సర్వేకు తేదీ ఇవ్వమంటే మాత్రం చెరువు ఒక శాఖది, నాలా ఇంకొకరిది, భూమి రికార్డు మరొకరిది అంటున్నారు. అర్జీ పట్టుకుని మూడు చోట్లా తిరిగి తిరిగి మావాళ్లలో కొందరు విసిగిపోయి మానేశారు కూడా. వాళ్లను తప్పుపట్టలేను.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. చెరువు హద్దులు ఖరారు చేస్తూ తుది నోటిఫికేషన్ ఇచ్చేటప్పుడు, నీళ్లు వచ్చే నాలాను, అలుగు నీళ్లు పోయే నాలాను కూడా అదే మ్యాపులో చూపించి రాళ్లు పాతాలి. ఆ దారిలో ఇంటి పర్మిషన్ ఇచ్చే ముందు ఆ మ్యాపు చూడాలి. నాలాలో కలిపిన డ్రైనేజీ కనెక్షన్లను మెయిన్ లైనుకు మళ్లించాలి. వచ్చే వానాకాలం లోపు మూడు శాఖలవాళ్లూ ఒక్కసారి కలిసి వస్తే చాలు, అలుగు నుంచి ఆ పైపు దాకా నడిచి చూపించడానికి మా సంఘం ఏ ఆదివారమైనా సిద్ధం.

ఇట్లు,
చెరువు పరిరక్షణ సంఘం అధ్యక్షురాలు,
హైదరాబాద్