టెస్టు ఫైళ్లకూ ఒక చోటు ఉండాలి

సంపాదకుల వారికి,

ఇంజనీరింగ్ విద్యార్థుల చివరి ఏడాది ప్రాజెక్టుల్లో టెస్టు ఫైళ్లు (ప్రోగ్రాము సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే కోడు ఫైళ్లు) ఎక్కడ పడితే అక్కడ ఉండటాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయడం తగదు. జావా భాషలో ప్రోగ్రామును కూర్చే మావెన్ అనే సాధనం పద్ధతి ప్రకారం అసలు కోడు ‘మెయిన్’ ఫోల్డరులో, టెస్టులు దాని పక్కనున్న ‘టెస్ట్’ ఫోల్డరులో ఉంటాయి. రెండుచోట్లా ప్యాకేజీ (సంబంధిత కోడును ఒకచోట చేర్చే విభాగం) పేరు ఒకటే కనుక ఆ ప్యాకేజీకే పరిమితమైన మెథడ్‌ను (ఒక పని చేసే కోడు భాగాన్ని) సైతం టెస్టు పిలవగలదు, వాడుకరులకు అందించే తుది జార్ ఫైలులోకి మాత్రం టెస్టులు చేరవు. గో భాషలో టెస్టు ఫైలు అసలు ఫైలు పక్కనే ఉంటుంది. పేరు చివర ‘అండర్‌స్కోర్ టెస్ట్’ అని ఉంటే చాలు, ప్రోగ్రామును తయారుచేసే బిల్డ్ సమయంలో దానిని పక్కన పెట్టేస్తారు.

చిక్కంతా పైథాన్‌తోనే. ప్రాజెక్టు పైస్థాయిలో ‘టెస్ట్స్’ ఫోల్డరు పెట్టి, ఇతరులకు అందించేందుకు కోడును మూటగట్టే ప్యాకేజింగ్‌లో దానిని మినహాయించడం మరచిపోతే, అదే పేరుతో అది వాడుకరి కంప్యూటరులో ఇన్‌స్టాల్ అయి, ఇదే పొరపాటు చేసిన మరో లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడు) ‘టెస్ట్స్’ ఫోల్డరుతో ఢీకొంటుంది. భాషకు స్థిరమైన ఆనవాయితీ ఉంటే దానినే పాటించాలి. లేనప్పుడు యూనిట్ టెస్టులు (కోడులోని చిన్న భాగాలను విడిగా పరీక్షించేవి) కోడు పక్కన, డేటాబేసు అవసరమయ్యేవి వేరే ఫోల్డరులో ఉండటం మేలని నా అభిప్రాయం. ప్రాజెక్టులకు మార్కులు వేసే అధ్యాపకులు ఈ అమరికను కూడా పరిశీలించాలని కోరుతున్నాను.

– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, హైదరాబాద్