గర్భసంచి తీసేముందు థైరాయిడ్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

మాది చిన్న పట్టణంలో మందుల షాపు. నెలసరిలో రక్తస్రావం ఆగడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు నెలనెలా పట్టుకెళ్లే ఆడవాళ్లు మా దగ్గర చాలామందే ఉన్నారు. ఉన్నట్టుండి ఒకామె రావడం మానేస్తుంది. తగ్గిపోయిందేమో అనుకుంటాం. తీరా చూస్తే గర్భసంచి తీయించేసుకుని ఉంటుంది. "థైరాయిడ్ చూపించుకున్నావామ్మా?" అని అడిగితే, "గొంతు దగ్గర వాపేం లేదు కదండీ" అంటారు. చదువుకున్నవాళ్లదీ అదే మాట.

మెడలో ఉన్న గ్రంథికీ గర్భసంచికీ లింకు ఏమిటంటారా? థైరాయిడ్ మందగిస్తే, దాన్ని పని చేయించడానికి మెదడు నుంచి టీఆర్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలవుతుంది. దాంతో థైరాయిడ్‌కు పని చెప్పే హార్మోన్ టీఎస్‌హెచ్‌తోపాటు కొందరిలో పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ కూడా పెరుగుతుంది. ప్రొలాక్టిన్ పెరిగితే అండం విడుదల దెబ్బతింటుంది. అండం విడుదల కాని నెలలో, గర్భసంచి లోపలి పొరను అదుపులో ఉంచే ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారు కాదు. దాంతో ఆ పొర మందంగా పెరిగిపోయి, ఎప్పుడు పడితే అప్పుడు ఊడుతుంది. రోజుల తరబడి రక్తం పోయేది అందుకే. కొందరికి నెలసరే రాదు. గర్భం రాకపోవడానికీ, వచ్చింది నిలవకపోవడానికీ ఇదొక కారణం. అన్నిటికీ థైరాయిడే కారణమని నేననడం లేదు. కానీ కారణం థైరాయిడే అయితే, రోజుకో మాత్రతో చాలామందికి కొన్ని నెలల్లో నెలసరి దారిలో పడుతుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అనవసరపు ఆపరేషన్లపై వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది కూడా. అధిక రక్తస్రావమనో, పిల్లలు లేరనో వచ్చిన ప్రతి మహిళకూ పీహెచ్‌సీలోనే టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. క్యాన్సర్, అత్యవసర కేసులు మినహా, ఆ రిపోర్టు ఫైల్లో లేనిదే ప్రభుత్వ బీమా కింద గర్భసంచి ఆపరేషన్‌కు అనుమతి ఇవ్వకూడదు.

పరీక్ష చేసి మందు రాసినా పని అయిపోయినట్టు కాదు. థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర మూడూ ఒకే కవరులో వేసుకుని ఇంటికెళ్తారు, పొద్దున్నే మూడూ కలిపి మింగుతారు. ఐరన్, కాల్షియం ఆ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవు. పరగడుపున మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, మిగతా రెండూ కనీసం నాలుగు గంటలు ఆగాక వేసుకోవాలి. ఇక నెల తప్పిందని తెలియగానే "కడుపుతో ఉన్నదానికి మందులేంటి" అని మాత్ర మాన్పించే పెద్దవాళ్లున్నారు. నిజానికి డాక్టరు మోతాదు పెంచాల్సి వచ్చేది అప్పుడే. మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంతంగా థైరాయిడ్ పనిచేయదు, తల్లి నుంచి అందేదే ఆధారం.

ప్రభుత్వం గర్భిణులకు ఉచితంగా ఇచ్చే ఐరన్ మాత్రల మీద "థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, నాలుగు గంటలు ఆగండి" అని తెలుగులో పెద్దక్షరాలతో అచ్చువేయించాలని వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక ఫార్మసిస్టు, నరసరావుపేట