ఇంటికో వంతు అంటే ట్యాంకరూ స్కూటరూ ఒకటేనా?

సంపాదకుడు గారికి, నమస్కారం.

తిరుపతి నుంచి పీలేరు వెళ్లే రోడ్డులో చంద్రగిరి దాటాక కొండ వైపు చీలిపోయే దారుల్లో మాది ఒకటి. పొడవు కిలోమీటరు లోపే. దారి పొడవునా 22 ఇళ్లు, చివర ఒక రిసార్టు. లేఅవుట్ వేసిన పెద్దమనిషి రోడ్లను పంచాయతీకి అప్పగించకుండానే ప్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయాడు. అందుచేత పంచాయతీ లెక్కలో అది రోడ్డే కాదు. పోయిన వానలకు తారు లేచి కంకర బయటపడింది. బాగు చేయడానికి కాంట్రాక్టరు 11,50,000 రూపాయలు చెప్పాడు. రిసార్టు మేనేజరు మర్యాదగానే ఒక కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. మా ఇళ్లూ, వారూ కలిపి 23 వంతులు, వంతుకు 50,000. సంతకం పెడితే మరుసటి వారమే పని మొదలవుతుందట.

చూడడానికి లెక్క న్యాయంగానే ఉంది. ముప్పై ఏళ్లు రోడ్ల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఎండలో నిలబడి రిటైరైన వాడిని కనుక నాకు మాత్రం మింగుడు పడలేదు.

రోడ్డును తినేది బండ్ల సంఖ్య కంటే ఇరుసు మీద పడే బరువు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు, అందుకోసమే వేసిన రోడ్ల మీద లారీలను పదే పదే తిప్పి చూశారు. ఇరుసు బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ రెట్టింపుతో ఆగదనీ, సుమారు 16 రెట్లు అవుతుందనీ ఆ పరీక్షల నుంచి తేల్చారు. ఇంజినీర్లు దీన్ని నాలుగో ఘాతం సూత్రం అంటారు. చిన్న కారు ఒక్కో ఇరుసు మీద అర టన్ను పడుతుందనుకుందాం. 5,000 లీటర్ల ట్యాంకరులో నీళ్లే ఐదు టన్నులు, బండి బరువు వేరు. వెనుక ఇరుసు మీద ఐదు టన్నులే పడ్డాయని తగ్గించి వేసుకున్నా కారుకు పదింతలు. అప్పుడు దెబ్బ? పదిని నాలుగుసార్లు వేసి హెచ్చిస్తే పదివేల రెట్లు. ముహూర్తాల రోజుల్లో రిసార్టుకు నీళ్ల ట్యాంకర్లు, షామియానా లారీలు, జనరేటరు బండి, పెళ్లివారి బస్సులు వరుసగా వస్తాయి. మా వీధిలో సగం మందికి స్కూటరే దిక్కు. అసలు మా ఇళ్ల వరకే అయితే ఇంత మందం రోడ్డు అవసరం లేదు. ఆ మందం ఎవరి కోసమో కాంట్రాక్టరును అడిగినా చెబుతాడు.

రిసార్టు వచ్చాక మా ప్లాట్ల ధర పెరిగింది కదా అని మేనేజరు గారి వాదన. పెరిగే ఉంటుంది. ఇల్లు అమ్మే ఉద్దేశమే లేని నాలాంటి వాడు ఆ ధరను ఏం చేసుకోవాలి? గుమ్మం మీద పడే దుమ్మును మాత్రం రోజూ మా ఆవిడ తుడుస్తోంది.

ఇక మా వాళ్ల సంగతి. "డబ్బున్నవారు, వారే వేసుకుంటారు, మనం పైసా ఇవ్వొద్దు" అనే వర్గం ఒకటి తయారైంది. వారితో నాకు గొడవే అయింది. 2021 నవంబరు వానలకు తిరుపతిలో కాలనీలు మునిగి స్వర్ణముఖి పొంగినప్పుడు మా కల్వర్టు దగ్గర రోడ్డు తెగిపోయింది. అప్పటికి రిసార్టుకు పునాది కూడా పడలేదు. పక్క కాలువను పూడ్చి కార్లు ఎక్కడానికి ర్యాంపులు కట్టుకున్నది మనమే కదా? తారుకు నీటిని మించిన శత్రువు లేదు. కాలువ మూసి రోడ్డు పాడైందని ఏడవడం దేనికి? వేసవిలో బోర్లు ఎండితే మా ఇళ్లకూ ట్యాంకర్లు వస్తాయి, ఆ మాట దాచను.

నేను చెప్పేది ఇది. వాన పాడుచేసేది వేరు, బరువు పాడుచేసేది వేరు. ఎస్టిమేటులో కాలువ, కల్వర్టు పని 3,45,000. అది 23 సమాన వంతులు, తలా 15,000. ఎవరూ పేచీ పెట్టకూడదు. మిగిలిన 8,05,000 పైపొర, కింది కంకర పని. దాన్ని బరువును బట్టి పంచాలి. మలుపు దగ్గర ఒక మనిషిని పెట్టి, ముహూర్తాలున్న ఒక నెలా, లేని ఒక నెలా ఏ గేటుకు ఏ బండి వెళ్లిందో రాయిస్తే చాలు. మా ఇళ్లకు వచ్చిన ట్యాంకర్లూ ఇసుక టిప్పర్లూ మా ఖాతాలోనే పడాలి.

ఇది కొత్త పద్ధతి ఏమీ కాదు. చిత్తూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో చెరువు పూడిక తీయడానికి, కాలువలు బాగుచేయడానికి కుడిమరామత్తు అని, ఊరివారే కలిసి పని చేసుకునే పద్ధతి ఉండేది. చెరువు కింద ఎక్కువ మడి ఉన్నవాడు ఎక్కువ కూలీలను పంపాలని మా తాత చెప్పేవారు. గుడిసెకూ మేడకూ ఒకే వంతు అని ఆయన నోట నేనెన్నడూ వినలేదు.

చట్టాన్ని ఆశ్రయిద్దామన్నా సగం దారిలోనే ఆగుతుంది. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 25వ సెక్షను ప్రకారం, మరొకరి భూమిలో దారి హక్కు ఉన్నవారే దాని మరమ్మతు ఖర్చు భరించాలి. హక్కుదారులు పదిమంది ఉంటే ఎవరి వంతు ఎంతో ఆ సెక్షను చెప్పదు. కనుక మనమే రాసుకోవాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఇళ్లవారూ రిసార్టూ కలిసి సంఘం పెట్టుకుని, బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరిచి, ఏటా కొంత వేసుకుంటే గుంత పడినప్పుడల్లా చందాలకు తిరిగే పని తప్పుతుంది. రిసార్టు చేతులు మారితే ఏం చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

అధికారులకు నా విన్నపం ఒక్కటే. పంచాయతీకి చెందని దారి చివర రిసార్టుకో కల్యాణ మండపానికో అనుమతి ఇచ్చేటప్పుడు, రోడ్డు నిర్వహణపై పక్క ఇళ్లవారితో కుదిరిన రాతపూర్వక ఒప్పందాన్ని దరఖాస్తుతో పాటే అడగండి. పెళ్లిళ్లు మొదలయ్యాక అడిగితే ఎవరు ఇస్తారు?

వచ్చే ఆదివారం మళ్లీ అందరం కూర్చుంటున్నాం. మేనేజరు గారూ వస్తామన్నారు. ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా కనీసం కాలువ పూడికైనా తీయిద్దామని అడగబోతున్నాను. నా ఇంటి ముందు ర్యాంపును నిన్ననే పగలగొట్టించాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా