కణజాలం అతికించాక రక్తం అందిందా?

సంపాదకులకు నమస్కారాలు.

ప్రయోగశాలలో చర్మం, ఎముక, గుండె కండరం పెంచుతున్నారన్న వార్తలు ఈమధ్య తరచుగా చదువుతున్నాం. వాటిలో కణజాలాన్ని ఎలా తయారుచేశారో ఉంటుంది గాని, ఒంట్లో అమర్చాక దానిలోకి రక్తనాళాలు పెరిగాయా అన్న సంగతి అరుదుగా కనిపిస్తుంది. నాళం నుంచి మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే అయిదో వంతు దూరం దాటితే కణాలకు ప్రాణవాయువు సరిగా అందదు. అందుకే మందమైన కణజాలం నాళాలు చేరేలోపే నడిమధ్యన చచ్చుబడుతుంది.

నాలుగేళ్ల క్రితం స్టవ్ మంటకు మా చెల్లెలి ముంజేయి కాలినప్పుడు కృత్రిమ అంతఃచర్మం (చర్మం లోపలి పొరకు బదులు పెట్టేది) అమర్చారు. బోస్టన్‌లో జాన్ బర్క్, అయొనిస్ యానస్ రూపొందించగా 1996లో అమెరికాలో అనుమతి పొందిన పొర వంటిదే అది: అడుగున కొల్లాజెన్ అనే మాంసకృత్తుతో చేసిన స్పాంజి, పైన పల్చని సిలికాన్ రేకు. కట్టు విప్పిన ప్రతిసారీ సర్జన్ గారు ఆ రేకులోంచి రంగు చూసేవారు. ఎరుపు లేత గులాబీగా, ఆపైన పసిమి ఛాయగా మారాక, మూడు వారాలకు, రేకు తీసి తొడ చర్మం అతికించారు. మోచేతి వైపు ఒక మూల మాత్రం పట్టలేదు. మళ్ళీ తొడ గీయవలసి వచ్చింది. ఆయనను తప్పుపట్టను, ఆ మూలన నాళాలు ఇంకా అల్లుకోలేదని కంటికి తెలిసే వీలు లేదు.

ఆ వీలు కల్పించగలది ఫోటోఅకౌస్టిక్ ఇమేజింగ్. క్షణంలో కోట్లవ వంతు సేపు లేజర్ వెలుగు పడగానే రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుని, రవ్వంత వేడెక్కి, వ్యాకోచించి, అల్ట్రాసౌండ్ తరంగాన్ని పుట్టిస్తుంది; ఒంటి మీద ఉంచిన గ్రాహకం దాన్ని పట్టి నాళాల పటం గీస్తుంది. వెలుగు నుంచి ధ్వని పుడుతుందని గ్రాహంబెల్ 1880లోనే గమనించారు. రంగు మందు ఎక్కించనక్కరలేదు, పైగా ప్రాణవాయువు ఉన్న రక్తమూ లేని రక్తమూ వేర్వేరు రంగుల వెలుగును వేర్వేరుగా పీల్చుకుంటాయి కనుక రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో కూడా అంచనా వేయవచ్చు. సన్నని కేశనాళికలు స్పష్టంగా కనిపించేది దాదాపు మిల్లీమీటరు లోతు వరకే, నిజమే. చర్మానికి అది చాలావరకు సరిపోతుంది. పరిశోధనలోనూ, ఒక్కో వారానికి కొన్ని ఎలుకలను చంపి ముక్కలు కోసి చూసే బదులు, ఒకే ఎలుకలో నాళాల పెరుగుదలను మొదటి నుంచి చివరి దాకా గమనించవచ్చు.

కాలిన గాయాల వార్డులున్న మన బోధనాసుపత్రులలో ఈ పరికరాన్ని పరీక్షించి చూసేందుకు ప్రభుత్వాలు నిధులివ్వాలి. మీరు కూడా ఇకపై కృత్రిమ కణజాలం గురించి వార్త వేసినప్పుడు, దాని మందమెంత, అమర్చిన ఎన్ని రోజులకు లోపల రక్తం పారింది, ఆ సంగతి కోసి తెలుసుకున్నారా బయటి నుంచే చూశారా అని పరిశోధకులను అడిగి రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి