ఫ్రోజెన్ ఎలుకలు అడిగితే బతికున్నవి పంపారు: ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఫ్రోజెన్ ఎలుకలకు బదులు చెప్పకుండా బతికున్న ఎలుకలు పంపడం, దానివల్ల మా పాముకు గాయం కావడం గురించి.

అయ్యా,

రెండేళ్లుగా మా పెంపుడు బాల్ పైథాన్‌కు (ఒక రకం చిన్న కొండచిలువకు) మేత మీ దగ్గరే కొంటున్నాను. దాని పేరు బంగారి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదైన పాము, ఆ కాగితాల నకలు మీకు మొదట్లోనే ఇచ్చాను. ప్రతిసారీ ఆర్డర్ ఒకటే: ఫ్రోజెన్ ఎలుకలు, మధ్యరకం సైజు. పోయిన నెల మీ డెలివరీ అబ్బాయి థర్మాకోల్ పెట్టెకు బదులు చిల్లులు పొడిచిన అట్టపెట్టె చేతికిచ్చి వెళ్లాడు. లోపల గోళ్ల చప్పుడు. అట్ట అడుగంతా తడిసిపోయింది. తెరిస్తే రెండు తెల్ల ఎలుకలు ఒక మూలకు నక్కి వణుకుతున్నాయి. తినడానికి ఒక్క గింజ కూడా వేయలేదు.

వెంటనే ఫోన్ చేశాను. "స్టాక్ అయిపోయింది సార్, లైవ్ అయితే ఇంకా బాగా తింటాయి. అడవిలో వాటికి ఫ్రిజ్ ఎక్కడుంది?" అన్నాడు మీ మనిషి. పైగా వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. గాజు తొట్టెలో పాము ఎలుకను పట్టడం, వెనక సినిమా పాట, కింద మీ కంపెనీ గుర్తు.

అడవి మాట ఎత్తాడు కాబట్టి చెబుతున్నాను. పశ్చిమ ఆఫ్రికా గడ్డినేలల్లో ఈ పాము బొరియల్లోనో, పాడుబడిన చెదపుట్టల్లోనో మాటువేసి, తనకు ఆకలైనప్పుడు పడుతుంది. వద్దనుకుంటే ఊరుకుంటుంది, ఎలుక తన దారిన పోతుంది. మూడడుగుల తొట్టెలో ఎలుకకు పారిపోయే దారి లేదు, పాముకు తప్పుకునే చోటు లేదు. మూలకు దొరికిన ఎలుక కొరకక ఏం చేస్తుంది?

బంగారి అప్పటికి మూడు వారాలుగా తినలేదు. ఈ జాతి వారాల తరబడి తినకుండా ఉండగలదని తెలిసినా మనసు ఆగక మీవాడి మాట విన్నాను. కుబుసం విడిచే ముందు పాము కళ్లు పాలరంగుకు తిరుగుతాయి, చూపు మసకబారుతుంది, అప్పుడు చాలా పాములు మేత ముట్టవు. బంగారి కళ్లు ఆ రంగుకు తిరుగుతున్నాయని నేను గమనించలేదు, ఆ తప్పు నాది. మీవాడు మాత్రం ఆ ప్రశ్నే అడగలేదు.

ఎలుకను వదిలితే పాము తల చుట్టలోకి లాక్కుంది. కాలింగ్ బెల్ మోగితే వెళ్లి రెండు నిమిషాల్లో వచ్చాను. అప్పటికే ఎలుక దాని వీపు మీద ఉంది. మెడకు జానెడు కింద పొలుసులు లేచిపోయి, రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కండ కనిపిస్తోంది. నొప్పి చెప్పుకోవడానికి పాముకు అరుపు లేదు. పక్క గదిలో ఉన్న నాకు ఏమీ వినిపించలేదు.

డాక్టర్ గాయం కడిగి, కుట్లు వేసి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు రాశారు. మచ్చ పోవాలంటే ఇంకా కొన్ని కుబుసాలు విడవాలట. దాని భయం మాత్రం పోలేదు. ఇంతకుముందు ఎలుకను రాత్రి ఫ్రిజ్‌లో మెత్తబడనిచ్చి, కవర్‌తో సహా వేడినీళ్లలో ఉంచి, ఒంటి వేడి రాగానే పట్టకారుతో తోక పట్టి ఆడిస్తే, పెదవుల అంచున ఉండే గుంటలతో ఆ వేడిని పసిగట్టి టక్కున అందుకునేది. ఇప్పుడు పట్టకారు చూస్తేనే వెనక్కి జరుగుతోంది.

ఫ్రోజెన్ మేతతో ఏ ప్రమాదమూ లేదని నేననడం లేదు. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఫ్రీజర్ చలికి చావదు. అందుకే వాటిని మా తిండికి దూరంగా వేరే డబ్బాలో పెడతాం, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కుంటాం. మీ ప్యాకెట్ మీద దీని గురించి ఒక్క ముక్క లేదు. చచ్చిన ఎలుకను ఎంతకీ ముట్టని పాములూ ఉంటాయి. వాటిని పెంచేవాళ్లు బతికున్నవి అడిగి తీసుకుంటే, పక్కనే కూర్చుని చూసుకుంటే అది వాళ్ల నిర్ణయం. నేను అడగలేదు.

ఆర్డర్ డబ్బు, డాక్టర్ ఖర్చు తిరిగి ఇవ్వండి. బిల్లులు జతచేశాను. స్టాక్ లేకపోతే లేదని చెప్పండి, మా మాట లేకుండా మార్చి పంపకండి. ఆ వీడియో తీసేయండి. కేవలం వినోదం కోసం ఒక జంతువును బంధించి మరోదానికి ఎర చేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాను.

రెండో ఎలుక మా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి దానికి పాత పంజరం సర్ది, సజ్జలు వేస్తోంది. దాన్ని మీకు తిరిగి పంపను.

ఇట్లు,
మీ పాత కస్టమర్, కూకట్‌పల్లి