ధవళేశ్వరంలో ఆ ఇంటాయన కూడా కనబడాలి

తూర్పు గోదావరి జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారమండి. ధవళేశ్వరం కాటన్ మ్యూజియంలో ఒక్క గోడ అడుగుతున్నాం. 1847లో మొదలుపెట్టి 1852కల్లా గోదావరిపై ఆనకట్ట నిలబెట్టిన ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ గురించి మా పిల్లలకు తెలుసు. మరి ఇంట్లో మనిషి?

1803లో పుట్టి 1899 దాకా, 96 ఏళ్లు బతికారాయన. 1841లో ఎలిజబెత్‌ను పెళ్లాడారు. రిటైరయ్యాక ఇంగ్లండ్‌లోని డోర్కింగ్‌లో, ఆ ముసలితనంలోనూ నేల లోతుగా తవ్వించి గోధుమ పండించి చూసేవారు. రైతు బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆయన పోయిన మరుసటి ఏడాది, 1900లో, కూతురు లేడీ హోప్ నాన్న జీవిత చరిత్రను పుస్తకంగా తెచ్చారు.

గోదావరి రేవులో ఆయన పేరు తలచుకునేవాళ్లం, ఆయన భార్యాబిడ్డల సంగతి తెలుసుకోవద్దా? మే 15 జయంతికల్లా ఆ వివరాలు తెలుగులో, పెద్ద అక్షరాలతో పెట్టించండి. మా ఊళ్లో పెద్దవాళ్లు కళ్లజోడు లేకుండా చదవాలి.

ఇట్లు,
డెల్టా రైతు కుటుంబాల తరఫున