ఆ బొమ్మలింటి వాళ్ళకి మా కృతజ్ఞతలు

ఈ వేసవిలో మా పాపను తమ క్యాంపులో చేర్చుకుని సొంత మనవరాలిలా చూసుకున్న ఒక కుటుంబానికి నలుగురి ముందూ థాంక్స్ చెప్పుకోవాలి. పేర్లు రాయొద్దని వాళ్ళు మరీ మరీ చెప్పారు కాబట్టి, పిల్లలు పిలిచినట్టే నేనూ తాతగారు, బామ్మగారు, మావయ్య, అత్త, అక్క అంటాను. తాతగారిది బొమ్మలాట, బామ్మగారిది రంగుల పని. మావయ్య పాత ఇనుముతో కదిలే బొమ్మలు చేస్తారు, అత్త ఫొటోలు తీస్తారు. చదువుకుంటున్న ఆ అక్క పని ఏమిటంటే, ఈ నలుగురూ ఏం మాట్లాడుతున్నారో మాలాంటి వాళ్ళకి విడమరిచి చెప్పడం.

సెలవులివ్వగానే పాప సైకిల్ మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పటికే మాట్లాడుకున్న వేరే క్యాంపు వాళ్ళు, కట్టుతో చేర్చుకోలేం, వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఎవరో చెబితే వీళ్ళకి ఫోన్ చేశాను. బామ్మగారు అంతా విని, "ఎడమ చెయ్యి బాగానే ఉంది కదమ్మా? రేపు పంపించెయ్" అన్నారు. అంతే!

మొదటి రోజు ఆవిడ ఒక రూలు పెట్టారు. ఆ పూట పిల్లలూ పెద్దలూ అందరూ ఎడమ చేత్తోనే గీయాలి. పుట్టుకతోనే ఎడమచేతి వాటం ఉన్న పిల్లాడికి మాత్రం కుడి చెయ్యి. తాతగారు గీసిన ఏనుగు చివరికి చెప్పులా తేలిందని పిల్లలు పడీ పడీ నవ్వారట. పాప చెయ్యి గురించి ఎవరూ ఒక్క ముక్క ఎత్తలేదు. సాయంత్రం దాని నోటి వెంట ఆ ఏనుగు కబురే తప్ప నొప్పి మాట రాలేదు.

పాల్ క్లీ అనే చిత్రకారుడి గురించి తాతగారు చెప్పింది ఆ రోజే. క్లీ కుడి చేత్తో రాసేవారట, బొమ్మలు మాత్రం ఎడమ చేత్తో వేసేవారట. కొడుకు ఫీలిక్స్ ఆడుకోవడానికి 1916 నుంచి 1925 వరకు సుమారు 50 చేతిబొమ్మలు, అంటే చేతికి తొడుక్కుని ఆడించే బొమ్మలు చేసిపెట్టారు. అగ్గిపెట్టె, ఎముక ముక్క, కరెంటు సాకెట్, ఏది దొరికితే దానితోనే. వాటిలో 30 ఇప్పటికీ ఉన్నాయి. ఇది విన్న దగ్గర్నుంచి మా ఇంట్లో విరిగిన వస్తువేదీ చెత్తబుట్ట దాకా వెళ్ళలేదు.

చేతితో గీయక్కర్లేని పని ఒకటి అత్త చూపించారు, సయనోటైప్. ఇనుము లవణాలు పూసిన కాగితం మీద ఆకులు పరిచి ఎండలో పెడతారు. తర్వాత నీళ్ళలో కడిగితే ఎండ తగిలిన చోటంతా ముదురు నీలం, ఆకు ఉన్న చోట తెలుపు. 1842లో జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఇది. ఆ మరుసటి ఏడాదే ఆనా అట్కిన్స్ అనే ఆవిడ దీనితో సముద్రపు నాచుల అచ్చులు తీయడం మొదలుపెట్టారు. మందులు కలపడం అత్త, చేతులకి గ్లవుజులు వేసుకుని. ఆకులు పేర్చడం మా పాప. కట్టు తడవకూడదని కడిగే పని అక్కది. ఎంతసేపు ఎండలో ఉంచాలో రాసుకునే పుస్తకం మాత్రం పాప ఎవరికీ ఇవ్వలేదు, ఎడమ చేత్తో కోడిగీతల్లా రాసుకుంటూనే ఉంది.

ఈ ఇంట్లో ఎవరి బొమ్మనీ "చాలా బాగుంది" అనరు. మొదట్లో నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. పిల్లలన్నాక ఒక మెచ్చుకోలు మాట ఉండొద్దా? కానీ వాళ్ళు బొమ్మ ముందు కూర్చుని, "ఇతని కాళ్ళు ఇంత పొడుగెందుకు? ఎక్కడికి పోతున్నాడు?" అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడుగుతారు. ఎప్పుడూ నసిగే మా పాప ఆ పొడుగుకాళ్ళవాడి గురించి అరగంట చెప్పింది. ఏ మెచ్చుకోలుకీ అది అంతసేపు మాట్లాడగా నేను చూడలేదు.

అంతా సవ్యంగా ఉంటుందనుకునేరు! ఆ ఇంట్లో ఏ రెండు గడియారాలూ ఒకే టైం చూపించవు. క్యాంపు ఎప్పుడు వదులుతారో దేవుడికే తెలియాలి. ఫోన్ ఎత్తరు. హాజరు తీసుకునేది తాతగారి చేతిలోని మీసాల బొమ్మ, దానికి కోపం వస్తే హాజరు మళ్ళీ మొదటి నుంచి. రంగుల మరకలు పోని బట్టల సంగతి సరేసరి. టైం అంటే ప్రాణం పెట్టే తల్లిదండ్రులు కాస్త గుండె దిటవు చేసుకుని పంపించండి, కానీ పంపించండి.

మిగతా పిల్లలకీ వాళ్ళ అమ్మానాన్నలకీ కూడా థాంక్స్. పాప టిఫిన్ డబ్బా మూత తీసిపెట్టడానికి రోజూ పోటీపడ్డారట.

బామ్మగారూ, పాప కట్టు విప్పేశారు. చెయ్యి బాగానే కదులుతోంది, ఇంకా కొన్నాళ్ళు వ్యాయామం చేయించమన్నారు. సగంలో ఆగిన తన చేతిబొమ్మకి తల అతికించాలని ఒకటే గొడవ. ఈ ఆదివారం తీసుకొస్తాను. ఫోన్ ఎలాగూ ఎత్తరు కాబట్టి గేటు దగ్గర గట్టిగా పిలుస్తాం.